ఓడ మీంచి మూడు రింగులు

మా వికారాబాద్‌లో సీతాఫలాల సంచి పట్టుకుని నడవడం కష్టం. బరువు సంగతి కాదు. మార్కెట్ నుంచి ఇంటికి చేరేలోగా ఎదురైన ప్రతి మనిషీ "ఎట్లిచ్చిండు?" అని అడుగుతాడు. రేటు చెబితే "ఎక్కువనే పెట్టినవ్" అంటాడు. చెప్పకపోతే "ఏం, మేం గుంజుకుంటమా?" అంటాడు. రిటైరయ్యాక ఇంట్లో పండ్లు తెచ్చే శాఖ నాకు అప్పగించారు గనక ఈ విషయంలో నాకు అనుభవం బాగానే పోగయింది. ఇంతవరకూ ఒక్కరు కూడా "తియ్యగున్నయా?" అని అడగలేదు. పెద్ద ఫిర్యాదేం కాదు. మనసులో ఉంది, చెప్పేశాను.

ఇక అసలు సంగతి. నేను పనిచేసింది ఫోన్ల ఆఫీసులో. కాపురం వికారాబాద్, డ్యూటీ తాండూరు. పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. కొత్తగా ఇలాంటి ఉద్యోగాల్లో చేరే పిల్లలకు ఒక మాట ముందే చెబుతాను. మీరు డిగ్రీలో చదివిన ఫిజిక్సు సర్వీసు మొత్తంలో ఒకటి రెండు సార్లకు మించి పనికిరాదు. నాకు పనికొచ్చిన ఒక్కసారి గురించే ఇది.

తాండూరు దాటి కాస్త పడమరకు పోతే కర్ణాటక. ఆ సరిహద్దు మనుషులకు కనిపించదు గానీ ఫోన్లకు కనిపించేది. రాష్ట్రం దాటితే రోమింగ్ పడే రోజుల్లో, అటువైపు నాపరాయి గనుల్లో నిలబడ్డ మనిషి ఫోను చడీచప్పుడు లేకుండా అవతలి టవరును పట్టుకునేది. మనిషి ఇక్కడే ఉండేవాడు, ఫోను మాత్రం కన్నడ దేశం తిరిగొచ్చేది. బిల్లు చూసుకుని ఆఫీసుకు వచ్చి "నేను చేను దాటలే సారూ" అని ఒట్లు వేసేవాళ్లు. ఒకాయనకైతే చేను తూర్పు గట్టు మీద మన టవరు, పడమటి గట్టు మీద వాళ్ల టవరు. మాట్లాడాలనిపించినప్పుడల్లా తూర్పు గట్టు మీదికి వెళ్లమని చెప్పాను. నా సాంకేతిక సలహాల్లో పూర్తిగా ఫలించింది అదొక్కటే. తర్వాత, ఫోను ఏ టవరును పట్టుకోవాలో మనమే ఎంచి పెట్టే పద్ధతి నేర్చుకుని వచ్చినవాళ్లందరికీ చేసి పంపేవాణ్ని. అలా నాకు 'రోమింగ్ సారు' అని పేరొచ్చింది. కొన్నేళ్లకు దేశంలో రోమింగ్ తీసేశారు. పని పోయింది, పేరు మిగిలింది.

రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. తాండూరులో సిమెంటు, ఇనుము దుకాణం ఆమెది. భర్తకు షుగరు ముదిరి ఇంటిపట్టున ఉండిపోయాక దుకాణం మొత్తం ఆమే చూసుకుంటోంది. లారీ డ్రైవర్లు ఆమె ముందు బీడీ ఆర్పేసి మాట్లాడతారు.

"నేను ఓడెక్కుతున్న సారూ" అంది, పరిగి బస్సెక్కుతున్న అన్నంత మామూలుగా.

"ఏం ఓడమ్మా?"

"సిమెంటు కంపెనోల్లు మంచిగ అమ్మినోల్లను తిప్పుతరు గద. ఈసారి ఓడంట. బొంబాయిల ఎక్కాలె, సముద్రంల తిప్పి గోవల జర దించి మళ్ల ఎక్కిచ్చుకుంటరంట. ఇద్దరికి. మా ఆయన రానన్నడు. కొడంగల్ బస్సుల కూసుంటెనే కక్కుతడు. అందుకని మా ఆడిబిడ్డను తీస్కపోతున్న."

"మంచిదే. మరి మాతోటి ఏం పని?"

"ఆడ నా ఫోను మోగుతదా?"

రోమింగ్ సారును అడగాల్సిన ప్రశ్న చాలా ఏళ్లకు వచ్చింది. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "బొంబాయి మనదే, గోవా మనదే. నడిమిట్ల నీళ్లు గూడ మనవే. దేశంల ఏడ తిరిగినా రోమింగ్ లేదు. ఫికర్ లేకుండ పోయి రండి" అన్నాను.

పక్క కౌంటరులో సిమ్ములిచ్చే మేడం ఉండేది. నాకంటే జూనియరే గానీ నా మాట పూర్తిగా నమ్మే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు. తలెత్తకుండానే అడిగింది: "సముద్రంల టవర్ ఏడ పాతుతరు సార్?"

నా సర్వీసులో సముద్రం అంటే మ్యాపులో నీలం రంగు వేసిన భాగం, మనం టవర్లు వెయ్యనక్కర్లేని చోటు. దుకాణం ఆమె నా ముఖం వైపు, మేడం వైపు మార్చి మార్చి చూసింది.

"రేపు రండమ్మా" అన్నాను. తెలియదు అనడానికి ఆఫీసుల్లో ఉన్న మాట అదే.

ఆ రోజు పని చేసినట్టు గుర్తులేదు. హైదరాబాద్‌లో ఉన్న నా బ్యాచ్ మిత్రుడికి ఫోన్ చేశాను. "తాండూరుకు సముద్రం ఎప్పుడొచ్చిందిర?" అని నవ్వి నవ్వి, తనకూ తెలియదని ఒప్పుకుని, ఇంకొకరి నంబరిచ్చాడు. ఆయన మరొకరిది ఇచ్చాడు. చివరికి ఓడల ఫోన్లతో పనిచేసిన ఒక పెద్దమనిషి దొరికి, ఓపిగ్గా చెప్పాడు. ఓడ ఒడ్డు విడిచి కాస్త దూరం పోగానే నేల మీది టవర్లు అందవు. అప్పుడు ఓడలోనే ఉన్న చిన్న టవరు మేలుకుంటుంది. మన ఫోను ఆశగా దాన్ని పట్టుకుంటుంది. మాట ఓడ నుంచి ఆకాశంలో ఉపగ్రహానికి ఎగిరి, అక్కణ్నుంచి ఏ పరాయి దేశంలోనో దిగి, ఆ దేశం మీదుగా తాండూరుకు వస్తుంది. అంటే మనిషి మన నీళ్లలోనే ఉన్నా బిల్లు మాత్రం విదేశం. పరదేశాలు పోయేవాళ్లకు అమ్మే ప్యాకులు కూడా చాలావరకు ఓడ దగ్గర చెల్లవు. రేవు దగ్గరికి రాగానే ఆ టవరు మళ్లీ నిద్రపోతుంది.

సాయంత్రం రైల్లో తలుపు దగ్గర నిలబడి దీని గురించే ఆలోచించాను. నేను ఎరిగిన కర్ణాటక టవరు కనీసం ఉన్నచోట ఉండేది. ఇది మనతో పాటు నడిచే కర్ణాటక టవరు. తూర్పు గట్టు లేని చేను. ఇంత విచిత్రమైన సంగతి ఇన్నేళ్లూ తెలియకుండా రిటైరైపోయేవాణ్ని గదా అనిపించింది.

మర్నాడు ఆమెకు ఓడ, ఉపగ్రహం బొమ్మ గీసి మరీ చెప్పాను.

"ఇది ఓడనా సార్, చెప్పునా?" అంది మేడం.

ఓడే అని చెప్పి ముందుకు సాగాను. "నేల కనపడకుండ పోంగనే ఫోన్ల ఫ్లైట్ మోడ్ పెట్టండి. మళ్ల గోవా కనపడేదాక తియ్యకండి. అప్పటిదాక అది ఫొటోలు తీసే డబ్బా అనుకోండి, అంతే."

"అయితే మా ఆయనకు రింగెట్ల?"

అప్పుడు చెప్పింది వాళ్ల పద్ధతి. ఆయన సాయంత్రం తిండికి ముందు ఇన్సులిన్ సూది తీసుకోవాలి. సూదంటే భయం. ఎవరు చెప్పినా వినడు, ఆమె చెప్తేనే తీసుకుంటాడు. ఆమె సరుకు కోసం హైదరాబాద్ పోయిన రోజుల్లో అక్కణ్నుంచి మూడు రింగులిచ్చి కట్ చేస్తుంది. అంటే సూది తీస్కో అని. తీసుకున్నాక ఆయన రెండు రింగులు తిరిగిస్తాడు. ఎత్తడం, మాట్లాడడం లేదు. ఆయనది బటన్ల ఫోను. పేరు చదవడు, చివరి అంకెలు చూసి పెళ్లాం నంబరు పోల్చుకుంటాడు. మాటకు పైసలు పడ్డ రోజుల్లో పెట్టుకున్న ఏర్పాటు అది. మాట ఉచితమయ్యాక కూడా వాళ్లు మానలేదు.

"ఈ రింగు పోదంటె నేను ఓడెక్క సారూ. ఎక్కకపోతె మళ్ల నాకు ఎక్కేది లేదు. పెండ్లైనప్పటి సంది ఇల్లు, దుకాణం. సముద్రాన్ని సీన్మలల్ల చూసుడే."

చాలాసేపు ఆలోచించి మార్గం కనిపెట్టాను. మేడం ఆమె నంబరుకు విదేశీ రోమింగ్ తెరిచింది. ఫోన్లో డేటా మూసేశాం. సాయంత్రం ఒక్కసారి ఫ్లైట్ మోడ్ తీసి, ఓడ టవరు పట్టుకోనిచ్చి, మూడు రింగులిచ్చి కట్ చెయ్యాలి. ఆయన రెండు రింగులు వచ్చేదాకా ఆగి, ఎత్తకుండా, మళ్లీ ఫ్లైట్ మోడ్. అటు ఎత్తకపోతే బిల్లు లేదు, ఇటు ఎత్తకపోతే బిల్లు లేదు. ఒకరి ఫోను ఇంకొకరు ఎత్తకుండా ఉండడంలో ఆ దంపతులకున్న అనుభవం చూశాక నాకు ధైర్యం వచ్చింది.

"నాకోసం ఒక్క పని చెయ్యాలె" అన్నాను. "ఓడ టవరు పట్టినప్పుడు ఫోన్ల ఏం పేరొస్తదో, సిగ్నల్ గీతలెన్ని ఉంటయో చూసి రండి."

"చూసొస్త తియ్యి సారూ. మీ పని గూడ ఎందుకు ఆపాలె."

వెళ్లింది. మొదటి సాయంత్రం ఓడ ఇంకా బొంబాయి రేవులోనే ఉందట, రింగులు అటూ ఇటూ సక్రమంగా నడిచాయి. రెండో రోజు సముద్రం మధ్యలో. మూడో రోజు పొద్దున నేను ఆఫీసులో బ్యాగు దించానో లేదో ఆమె ఫోన్.

"గోవల ఉన్న సారూ. రాత్రి మూడు రింగులిచ్చిన. ఆయనవి రెండు రాలే. మళ్ల ఇచ్చిన, రాలే. ఇంకోసారి ఇస్తె స్విచ్చాఫ్. ఇప్పుడు గూడ స్విచ్చాఫే. మా గుమాస్తాను పంపితె తలుపు తియ్యలేదంట. లోపట్నుంచే ఫోన్ల సంగతి నాకాడ తేకురి అని ఒర్రిండంట. సూది తీస్కున్నడో లేదో తెల్వది. నేను ఈడనే దిగి వస్త. రైలో బస్సో ఏదో ఒకటి."

"ఓడ ఎప్పుడు కదులుతది?"

"పగటి మూడింటికి."

"మధ్యాహ్నం దాకా ఆగండి. నేను పోయి చూసి చెప్తా."

మేడం అప్పటికే కౌంటరు మూసి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుంది. "మా అమ్మకు రోజూ సూది నేనే ఇస్తుంటి. మీరు పోయి ఆయనకు గూడ బొమ్మ గీస్తరు" అంది.

ఆటోలో రాళ్లు పాలిష్ చేసే యూనిట్లు దాటి వెళ్లాం. ఆ వీధిలో తెల్లటి దుమ్ము చెట్ల మీద, మనుషుల మీద సమానంగా పడుతుంది. తలుపు కొట్టాను.

"ఎవలు?"

"ఫోన్ల ఆఫీసు నుంచి వచ్చినం."

"ఫోన్ల ఆఫీసోల్లమని చెప్పుకుంట వచ్చేటోల్లే దొంగలని ఫోన్లనే చెప్తున్నరు."

ఆ మాట నిజమే. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ హెచ్చరిక వినిపిస్తున్న రోజులవి. కిటికీలోంచి గుర్తింపు కార్డు చూపించాను.

"కార్డులు గూడ చేస్తరంట."

నా సర్వీసులో నా ఉద్యోగాన్ని అంత గట్టిగా శంకించినవాళ్లు మరొకరు లేరు. మేడం నన్ను పక్కకు జరిపింది. "అన్నా, వదినకు సిమ్మిచ్చింది నేనే. నీకు సూదంటె భయమని గూడ చెప్పింది. తలుపు తియ్యి."

కాసేపటికి గొళ్లెం చప్పుడైంది. మనిషి భారీగా ఉన్నాడు గానీ ముఖం వాడిపోయి ఉంది. పక్కనే నీళ్ల చెంబు. ఫోన్ ఏదంటే లోపలికి వెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. అందులో కందిపప్పు. చెయ్యి పెట్టి ఫోను బయటికి తీశాడు.

"పప్పుల ఎందుకు పెట్టినవ్?" అంది మేడం.

"బంద్ చేసినా ఇంటరంట. పప్పుల ఉంటె ఇనవడదని."

దులిపి ఆన్ చేశాను. నిన్న సాయంత్రానివి మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నంబరు మన దేశానిది కాదు. ముందు ప్లస్ గుర్తు, తర్వాత నేనెప్పుడూ చూడని అంకెలు. నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఉపగ్రహం ఎక్కి, పరాయి దేశం దిగి వచ్చిన రింగు, దారిలో ఆమె నంబరు పోగొట్టుకుని ఇంకేదో నంబరు తగిలించుకుని వచ్చింది. ఆ పెద్దమనిషి నాకు అన్నీ చెప్పాడు గానీ ఈ ఒక్కటి చెప్పలేదు. నేను అడగనూ లేదు.

"ఎన్ని రింగులొచ్చినయ్?" అన్నాను.

"మూడు. ఎప్పుడొచ్చినా మూడే."

"మూడంటె సూది అని గద మీ లెక్క?"

"నా పెండ్లాం నంబరు కెల్లి వస్తె సూది. గీ నంబరెవనిదో. మా మూడు రింగుల ముచ్చట గూడ దొంగలకు తెల్సిపోయిందనుకున్న. మస్తు పరేషాన్ అయిన సార్."

"మరి సూది తీస్కున్నరా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "దొంగ చెప్తె తీస్కుంటనా?"

వాదనలో లోపం వెతికాను. దొరకలేదు. మేడం అప్పటికే తన ఫోన్లో గోవాకు కలిపి ఆయన చెవికి ఆనించింది. అవతల ఏమన్నదో మాకు వినిపించలేదు. ఆయన మాత్రం "ఆఁ" అన్నాడు. కొంచెం ఆగి మళ్లీ "ఆఁ" అన్నాడు. అలా చాలా "ఆఁ"ల తర్వాత లేచి ఫ్రిజ్ తెరిచాడు. మేడం మందు సరిగ్గా లాగాడో లేదో చూసింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని పొట్ట మీద గుచ్చుకున్నాడు.

నేను ఫోను తీసుకున్నాను.

"అయితె ఎక్కమంటవా సారూ?" అందామె.

"ఎక్కండి."

"మళ్ల మాపటికి?"

"మాపటికి నేను ఈడనే ఉంటా."

బాధ్యత కొద్దీ అన్నానని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. నిజానికి, సముద్రం నుంచి ఆకాశానికి పోయి దేశాలు తిరిగి తాండూరులో దిగే ఆ రింగు నా ముందర మోగుతుంటే చూడాలని నాకు చెప్పలేనంత కుతూహలం.

ఆఫీసు ముగించుకుని, నా రైలు వదిలేసి, మేడంను కూడా వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయనకు పాఠం చెప్పాను. ఆ ప్లస్ గుర్తు నంబరు దొంగది కాదు, మీ ఇంటావిడదే. మూడు రింగులు లెక్కపెట్టండి, సూది తీసుకోండి, రెండు రింగులు ఆమె మామూలు నంబరుకే ఇవ్వండి. ఎత్తకండి. ఎత్తితే నేను ఇన్ని రోజులు పడ్డ పాట్లన్నీ నీళ్లపాలు. ఆయన అన్నిటికీ తలూపాడు. ముగ్గురం టీ తాగుతూ మధ్యలో స్టూలు మీద ఫోను పెట్టుకుని కూర్చున్నాం.

పొద్దు వాలుతుండగా మోగింది. అదే ప్లస్ గుర్తు. నేను ముందుకు వంగాను. ఒకటి. రెండు. మూడోది పూర్తి కాకముందే ఆయన ఫోను ఎత్తేశాడు.

"ఏమే, ఇంకో సూదుల డబ్బా ఏడ పెట్టినవ్?"

మాట పైకి పోయి రావాలి గదా, అవతలి నుంచి జవాబు రావడానికి కొంత ఆలస్యమైంది. ఆ ఆలస్యం నాకు విన్న కథలా కాక కళ్ల ముందు కనిపించింది. ఫ్రిజ్‌లో కూరగాయల కింద ఉందని చెప్పినట్టుంది. "సరే" అన్నాడు. అన్నాక పెట్టెయ్యాలి. పెట్టలేదు. ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాడు. నేను వేళ్లతో కత్తెర ఆడించి చూపించాను. ఆయన గోడ వైపు తిరిగాడు. అటు ఆమె మాట్లాడడం లేదు, ఇటు ఈయన మాట్లాడడం లేదు. ఉపగ్రహానికి మాట అయినా మౌనమైనా ఒకటే రేటు. మేడం నా మోచెయ్యి పట్టుకుని కిందికి దించింది.

చివరికి ఆమే పెట్టేసింది.

"ఎందుకెత్తిన్రు?" అన్నాను.

"దొంగ కాదని తెల్సుకోవాలె గద సార్."

తర్వాత కొన్నాళ్లకు నేను ఒక నోటీసు రాసి మా ఆఫీసు గోడకు అంటించాను. ఓడ ఎక్కే వినియోగదారులు ఒడ్డు దాటగానే ఫ్లైట్ మోడ్ పెట్టుకోవాలని, విదేశీ ప్యాకు ఓడకు వర్తిస్తుందో లేదో ముందే అడగాలని, రేవులో దిగాకే ఫోన్లు చేసుకోవాలని, ఓడ నుంచి పోయే రింగు వేరే నంబరుతో కనిపించవచ్చని ఇంట్లోవాళ్లకు చెప్పి మరీ బయల్దేరాలని. సముద్రానికి తాండూరు ఎంత దూరమో మీకు తెలుసు. సిమ్ము కోసం కూర్చున్న రైతులు దాన్ని చాలా శ్రద్ధగా చదివేవారు. నేను రిటైరయ్యే నాటికి దాని అవసరం పడినవాళ్లు ఇంకెవరూ రాలేదు. అయినా కొత్త పిల్లలకు చెప్పేది ఇదే. మీ దగ్గరికి వచ్చే మనిషికి చెప్పాల్సిందంతా చెప్పాక, ఇంటి దగ్గర ఫోను పట్టుకుని కూర్చునే మనిషి ఒకరుంటారని గుర్తుపెట్టుకోండి.

ఓడ దిగి వచ్చిన వారానికి ఆమె ఆఫీసుకు వచ్చింది. చేతిలో గోవా జీడిపప్పు పొట్లం. ముఖం ఎండకు కమిలి, కొంచెం కొత్తగా ఉంది. నేను కుర్చీ వేయించాను. వేయించి ఇక ఆగలేదు. ఫోన్లో ఏం పేరొచ్చింది, గీతలెన్ని, ఒడ్డు విడిచాక ఎంతసేపటికి పట్టుకుంది, గోవా దగ్గరపడేటప్పుడు తనంతట తనే పోయిందా, ఆ రోజు మాట్లాడినప్పుడు మీ గొంతు మీకే తిరిగి వినపడిందా. ఆమె అన్నిటికీ ఒప్పుకున్న ప్రకారం జవాబు చెప్పింది. పేరు ఇంగ్లీషులో ఏదో వచ్చిందంది, గీతలు నిండుగా ఉన్నాయంది. నేను రాసుకున్నాను. మేడం బిల్లు ఎంతొచ్చిందని అడిగింది, చెప్పింది. పక్క గదిలో ఉన్న లైన్‌మన్ వచ్చి ఓడలో ఛార్జింగ్ పెట్టుకోనిస్తారా అని అడిగాడు, పెట్టుకోనిస్తారని చెప్పింది.

అడగడానికి ఇంకేమన్నా ఉందేమోనని నేను నా కాగితం చూసుకుంటున్నాను. ఆమె పొట్లం బల్ల మీద పెట్టి లేచింది.

"ఓడెక్కినకాడికెల్లి అందరిది ఇదే ముచ్చట సారూ. మా ఆయన సూదుల డబ్బా అడిగె. మా గుమాస్తా బిల్లు అడిగె. మీరు టవర్ అడుగవడ్తిరి. సముద్రం ఎట్లుండెనని ఒక్కలు అడగలే."